ల్యాప్‌టాప్ ఫ్యాన్‌తో కుస్తీ: మూడు వారాల సంగతి

మొదటి ఆదివారం. పాత థింక్‌ప్యాడ్ ల్యాప్‌టాప్, అందులో లైనక్స్, విశాఖ వన్‌టౌన్‌లో రెండో అంతస్తు గది. వీడియో కాల్ పెట్టగానే వేడి చూపించే ఎల్ఎం-సెన్సార్స్‌లో ప్రాసెసర్ 96 డిగ్రీలు. నూటికి దగ్గరపడితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, అందుకే అవతలివాళ్ల మాట ముక్కలైపోతోంది. ఉక్కపోత వల్లే అనుకున్నాను. కానీ ఉక్క బాధ మనకే, చిప్‌కి చెమట పట్టదుగా! దానికి లెక్క గదిలో వేడి ఎంత అన్నదే.

ఫ్యాన్‌ని నా చేతిలోకి తీసుకున్నాను. లైనక్స్‌లో ఫ్యాన్ లాంటివి చూసుకునే డ్రైవర్, థింక్‌ప్యాడ్ ఏసీపీఐ మాడ్యూల్‌కి ఫ్యాన్ కంట్రోల్ ఆప్షన్‌ని 1 చేసి రీబూట్ చేస్తే సున్నా నుంచి ఏడు దాకా లెవెళ్లు మనమే పెట్టుకోవచ్చు. ఏడు పెట్టాను. పక్క గదిలోంచి అమ్మ, "ఏటిరా ఆ రొద, మిక్సీ ఆన్ చేసి మర్చిపోయావేటి?" ఇంత గోల చేసి తగ్గింది నాలుగే డిగ్రీలు.

బుధవారం. తప్పు నాదే. చప్పుడు పడలేక లెవెల్ రెండు చేత్తో పెట్టి, కంపైల్ (కోడ్‌ని ప్రోగ్రామ్‌గా మార్చే బరువైన పని) మొదలెట్టి టీకి వెళ్లాను. వచ్చేసరికి మెషీన్ ఆరిపోయి ఉంది. చేత్తో పెట్టిన లెవెల్ మనం మార్చేదాకా అలాగే ఉంటుంది. అందుకే వాచ్‌డాగ్ ఉంది: చెప్పిన సెకన్లలో, గరిష్ఠంగా 120, కొత్త ఆదేశం రాకపోతే ఫ్యాన్‌ని ఆటోకి తిప్పేస్తుంది. నేను దాన్ని ఆన్ చేయలేదు.

రెండో ఆదివారం. అసలు దొంగ దొరికాడు. అడుగు మూత తీసి ఫ్యాన్ ఎత్తితే, రాగి రెక్కల ముందు దిండు గుడ్డలాంటి పొర, మునివేళ్లతో పట్టి లాగితే ఒకే ముక్కగా వచ్చింది. నల్లగా, కాస్త జిగటగా. మా వైపు కిటికీ గట్టు మీద వేలు రాస్తే అంటుకునేదీ ఇదే నలుపు. దానికి సముద్రపు తేమ తోడైతే ఇక ఊదినా పోదు, బ్రష్ పట్టాల్సిందే. బ్లోయర్ వాడేటప్పుడు ఫ్యాన్ రెక్కల్ని వేలితో ఆపి పట్టుకోండి, గిర్రున తిరిగితే బేరింగ్ పోతుంది. ప్రాసెసర్‌కీ, దాని వేడి లాగే హీట్‌సింక్‌కీ మధ్య ఎండి బీటలు వారిన పాత థర్మల్ పేస్ట్ తుడిచి, డాబాగార్డెన్స్‌లో కొన్న కొత్తది బియ్యపు గింజంత పెట్టాను. హీట్‌సింక్ స్క్రూలు దాని మీద ఉన్న అంకెల వరసలోనే కొంచెం కొంచెంగా బిగించాలి. ఒకటి తుప్పు పట్టి తల అరిగింది, ఇది మాత్రం విశాఖ ఉప్పుగాలి పనే.

అదే వీడియో కాల్, ఆటోలోనే: 79.

ఇక థింక్‌ఫ్యాన్, వేడిని బట్టి ఫ్యాన్ లెవెల్ తనే మార్చే ప్రోగ్రామ్. మొదట 60 దాటితే పైకి, 59కి దిగితే కిందకి అని రాశాను. సింహాచలం ఘాట్ ఎక్కే బస్సులా నిమిషానికోసారి గేరు మార్పు! ఎక్కే అంకెకీ దిగే అంకెకీ మధ్య ఎడం ఉండాలి. ఇప్పుడు లెవెల్ రెండు నుంచి మూడుకి 62 డిగ్రీలు, వెనక్కి 56. మూడు నుంచి ఐదుకి 70, వెనక్కి 64. ఐదు నుంచి ఏడుకి 78, వెనక్కి 72. ఫుల్‌స్పీడ్ లెవెల్ జోలికి పోలేదు, అది ఫ్యాన్‌ని మామూలు హద్దు దాటించి తిప్పుతుంది.

నిన్న మిట్టమధ్యాహ్నం కంపైల్‌లో 83 దాటలేదు. టర్బో (ప్రాసెసర్ అదనపు వేగం) ఆపితే ఇంకో పది తగ్గింది గానీ పని నత్తనడక అయింది, మళ్లీ ఆన్ చేసేశాను. ఏడో లెవెల్లో సన్నగా కీచుమంటోంది, వచ్చే వారం పాత ఫ్యాన్ ఒకటి వెతకాలి. ఆ తుప్పు స్క్రూకి జోడు కూడా.