జ్వరం తగ్గిన తర్వాత

పిడుదు కాటుతో వచ్చే లైమ్ జబ్బుని మన వైపు చాలామంది డాక్టర్లు చూసి ఉండరు. అందులో వాళ్ల తప్పేమీ లేదు, ఆ జబ్బుని మోసే పిడుదు జాతి ఇక్కడ ఉండదు. కానీ తాము చూడని జబ్బుని 'నాకు తెలియదమ్మా' అని ఒప్పుకోకుండా తప్పంతా నామీదకి నెట్టినవాళ్లు ఉన్నారు. వాళ్లమీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. ఇప్పుడు కాస్త కోలుకున్నాను, కూర్చుని రాసే ఓపిక వచ్చింది, అందుకే రాస్తున్నాను.

2023 వేసవిలో మా అమ్మాయి పురిటికి అమెరికా వెళ్లాను. వాళ్లుండేది కనెక్టికట్‌లో. ఇంటి వెనక చెట్లు, పొదలు, మోకాళ్ల దాకా గడ్డి. పొద్దువాలితే జింకలు వచ్చేవి. పాప నిద్రపోయాక అటు నాలుగడుగులు వేసి రావడం నాకు అలవాటైంది. చిన్నప్పుడు తెనాలి దగ్గర మా ఊళ్లో గేదెల చెవుల్లోంచి పిడుదులు తీసిన చేతులే ఇవి. అక్కడివి అలా కంటికి కనబడవు. పిల్ల పిడుదు గసగసాల గింజంత ఉంటుంది, కరిచినా నొప్పి తెలియదు. జూలైలో జ్వరం, మెడ పట్టేయడం, మోకాలి వెనక అరచేయంత ఎర్రటి మచ్చ. అక్కడి డాక్టరు మచ్చ చూసిన మరుక్షణం లైమ్ అంది, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ రాసింది. కోర్సు పూర్తిగా వాడాను. జ్వరం పోయింది, మచ్చ పోయింది. వీసా గడువు లోపు విజయవాడ వచ్చేశాను.

జబ్బు తగ్గిపోయిందనే అందరం అనుకున్నాం. కానీ అజిత్‌సింగ్ నగర్‌లో మా ఇంటి మెట్లు ఎక్కి దిగడానికి కూడా ఓపిక లేని రోజులు మొదలయ్యాయి. ఒకరోజు మోకాలు, ఒకరోజు మణికట్టు, ఒకరోజు దవడ. పొయ్యి మీద పాలు పెట్టి ఎందుకు నిలబడ్డానో గుర్తురాదు. పక్కింటావిడ పేరు నోటికి రాదు. రాత్రంతా నిద్ర లేదు, పగలంతా మత్తు. వాటికి తోడు ఇంకోటి వచ్చింది. దానికి అప్పట్లో నా దగ్గర పేరు లేదు. పాప వీడియో కాల్‌లో నవ్వితే నాకేమీ అనిపించేది కాదు. ఆ పిల్లని నా చేతులతో నీళ్లు పోసి పెంచాను కదా, ఎందుకేమీ అనిపించట్లేదని భయం వేసేది.

పరీక్షల గురించి ఎక్కువ రాయను. చికున్‌గున్యా అన్నారు, కీళ్లవాతం అన్నారు, స్క్రబ్ టైఫస్ అని రక్తం తీశారు. అన్నీ లేవని వచ్చాయి. చివరికి సూర్యారావుపేటలో బాగా పేరున్న ఒక పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లాం. అమెరికా కాగితాలు ముందు పెట్టాను. ఆయన వాటిని తిప్పి కూడా చూడలేదు. నావైపు కాకుండా మావారి వైపు తిరిగి, "ఆర్నెల్లు ఏసీలో కూర్చుని వచ్చారు కదండీ, ఇక్కడ ఒళ్లు వంగట్లేదు. దానికి తోడు మనవరాలి మీద బెంగ. పనిలో పెట్టండి, అదే పోతుంది" అన్నారు. బయట వరండాలో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. నేను గోడకి ఆనుకుని నిలబడ్డాను. పురిటింట్లో రాత్రీ పగలూ చేసిన చాకిరీ ఆయనకి ఏసీలో కూర్చోవడంలా కనబడింది. ఆ మాట అన్నందుకు కన్నా, మావారు దానికి తలూపినందుకు ఎక్కువ ఏడ్చాను. తర్వాత ఆయన చాలాసార్లు బాధపడ్డారు. అయినా ఆ తలూపడం నాకు గుర్తుంది.

మా అమ్మాయి ఆ వారంలోనే నాకు ఒక సంగతి చెప్పింది. 1970ల్లో అదే కనెక్టికట్ రాష్ట్రంలో లైమ్ అనే ఊరి దగ్గర పాలీ మర్రే అనే ఒక తల్లి ఉండేదట. తనకీ పిల్లలకీ కీళ్లు వాచిపోతున్నాయని ఏళ్ల తరబడి మొత్తుకుంటే డాక్టర్లు అంతా ఊహ అన్నారు. 1975లో ఆమె, ఇంకో తల్లి ప్రభుత్వ ఆరోగ్య శాఖకి చెబితే, యేల్ యూనివర్సిటీ నుంచి అలెన్ స్టీర్ అనే డాక్టరు వచ్చి విచారించాడు. కారణమైన క్రిమి 1980ల మొదట్లో గానీ దొరకలేదు. కనిపెట్టిన విల్లీ బర్గ్‌డార్ఫర్ పేరే దానికి పెట్టారు. వైద్య పుస్తకాల్లోకి ఈ జబ్బు ఎక్కిందే ఆ తల్లుల పట్టుదల వల్ల. ఆ రాత్రి నాకు చాలా రోజుల తర్వాత నిద్ర పట్టింది.

తర్వాత దొరికారు ఒక జనరల్ ఫిజీషియన్, చిన్న వయసు. "లైమ్ కేసు నేను ఎప్పుడూ చూడలేదండీ, చదివి చెబుతాను, వారం టైమివ్వండి" అన్నారు. ఆ ఒక్క మాటకే సగం నయమైనట్టు అనిపించింది. అప్పటికే ఎవరో చెప్తే శాంపిల్ వేరే ఊరు పంపించి రక్తపరీక్ష చేయించాం, పాజిటివ్ వచ్చింది. క్రిమి ఇంకా లోపలే ఉందని వణికిపోయాను. అల్లుడుగారి స్నేహితులు నెలల తరబడి సెలైన్‌లో యాంటీబయాటిక్స్ ఎక్కించుకోమని మెసేజ్‌లు పంపారు. ఈ డాక్టరుగారు కూర్చోబెట్టి చెప్పారు. జబ్బు తగ్గిన తర్వాత కూడా, ఆ క్రిమితో పోరాడటానికి ఒళ్లు తయారుచేసుకున్న యాంటీబాడీలు రక్తంలో ఏళ్ల తరబడి కనబడతాయట, పరీక్ష పట్టుకున్నది వాటినేనట. వైద్యం అయ్యాక కూడా కొద్దిమందికి నీరసం, నొప్పులు, మతిమరుపు మిగిలిపోతాయి. 'క్రానిక్ లైమ్' అని జనం అంటారు గానీ డాక్టర్లు ఆ పేరు ఒప్పుకోరు, వైద్యానంతర లైమ్ లక్షణాలు అంటారు. 2001లో అమెరికాలో, 2016లో నెదర్లాండ్స్‌లో అచ్చయిన పరిశోధనల్లో నెలల తరబడి యాంటీబయాటిక్స్ వాడినవాళ్లకి అదనంగా ఒరిగిందేమీ లేదని తేలింది. "డబ్బూ పోతుంది, కడుపూ పాడవుతుంది, వద్దు" అన్నారు. నన్ను మానసిక వైద్యురాలి దగ్గరికి పంపింది కూడా ఆయనే.

అక్కడికి వెళ్లడానికి ఇంట్లో పెద్ద గొడవ. పిచ్చి మాత్రలు అలవాటైపోతాయని మా తోటికోడలు, నలుగురికీ తెలిస్తే ఏమనుకుంటారని అత్తగారు. నేనే పట్టుబట్టి వెళ్లాను. ఆ డాక్టరమ్మ నా మాట మొత్తం విని ఒకటే అడిగారు: "ఒంట్లో జబ్బు నిజమైతే మనసులో జబ్బు అబద్ధం కావాలా అమ్మా? రెండూ నిజమే. రెండిటికీ మందు వేద్దాం." డెన్మార్క్‌లో లైమ్‌తో ఆసుపత్రిలో చూపించుకున్నవాళ్ల రికార్డులన్నీ తీసి 2021లో అచ్చువేసిన అధ్యయనంలో, మానసిక జబ్బులు మిగతావాళ్ల కంటే 28 శాతం ఎక్కువగా కనబడ్డాయని కూడా ఆవిడే చెప్పారు. డిప్రెషన్‌కి వాడే ఎస్‌సిటాలోప్రామ్ మాత్ర రాశారు. పని చేయడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుందని, మధ్యలో ఠక్కున ఆపొద్దని గట్టిగా చెప్పారు. నెమ్మదిగా నిద్ర వచ్చింది, ఆకలి వచ్చింది. పాప నవ్వితే నాకూ నవ్వొచ్చింది.

ఆ తర్వాత బుడమేరు పొంగింది.

మావారి పెన్షన్ పడ్డాకే నెల మందులు తెచ్చుకోవడం మాకు అలవాటు. ఆగస్టు ఆఖరికి షీటు అయిపోవచ్చింది. 2024 సెప్టెంబర్ 1, ఆదివారం, వీధి కనబడలేదు. కింద వాటా మునిగిపోయింది, మేము పైన. కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, మందుల షాపు షట్టర్ నీళ్లలో ఉంది. డ్రోన్లతో అన్నం పొట్లాలు వేశారు, ఎస్‌సిటాలోప్రామ్ ఎవరు వేస్తారు?

మాత్ర ఆగిన రెండో మూడో రోజుకి తల తిప్పడం మొదలైంది. కళ్లు పక్కకి తిప్పితే తల లోపల కరెంటు షాక్ కొట్టినట్టు ఉండేది. తర్వాత వచ్చిన రాత్రి గురించి చెప్పాలి, ఎందుకంటే ఇలాంటి రాత్రి గడిపేవాళ్లు ఎవరో ఇది చదవచ్చు. కింద నీళ్లు మెట్లని కొట్టుకుంటున్న చప్పుడు. కుళ్లు వాసన. ఎక్కడో కుక్క ఆగకుండా ఏడుస్తోంది. నేను లేకపోతే వీళ్లందరికీ హాయిగా ఉంటుంది అన్న మాట నా లోపల చాలా ప్రశాంతంగా, లెక్క తేల్చినట్టుగా వినబడింది. ఆ ప్రశాంతతకే నాకు వెన్నులో చలి పుట్టింది. మావారిని లేపాను. "నాకు చచ్చిపోవాలనిపిస్తోందండీ" అని గట్టిగా, మాట మింగకుండా చెప్పాను. ఆయన ఏమీ బోధించలేదు. లేచి మెట్ల గ్రిల్‌కి తాళం వేసి తాళంచెవి చొక్కా జేబులో పెట్టుకున్నారు. నా చెయ్యి పట్టుకుని గోడకి ఆనుకుని కూర్చున్నారు. కాసేపటికి పై వాటాలో నర్సింగ్ చదివే అమ్మాయిని పిలుచుకొచ్చారు. ఆ పిల్ల నా మందు పేరు అడిగి, "ఆంటీ, ఇది మందు ఒక్కసారిగా ఆగిపోయినందుకు. మళ్లీ మొదలుపెడితే తగ్గుతుంది. తెల్లారేదాకా నేనిక్కడే ఉంటా" అంది. తెల్లారేదాకా వాళ్లమ్మ గురించి, హాస్టల్ గురించి, ఏవేవో చెబుతూనే ఉంది. ఆ పిల్ల చల్లగా ఉండాలి. దుర్గమ్మ తల్లి ఆ రాత్రి ఆ అమ్మాయి రూపంలోనే వచ్చిందని నా నమ్మకం. ఎవరేమన్నా సరే.

పడవలో సింగ్ నగర్ ఫ్లైఓవర్ దాకా, అక్కడి నుంచి గుంటూరు బ్రాడీపేటలో మా అక్క ఇంటికి. ఆ సాయంత్రమే మందు దొరికింది, డాక్టరమ్మతో ఫోన్లో మాట్లాడి మళ్లీ మొదలుపెట్టాను. నేను మంచం దిగకముందే బావగారు హాల్లో అన్న మాట వినబడింది: "వరదలో జనం సర్వం పోగొట్టుకున్నారు. ఈవిడకేం పోయిందని?" అక్క ఆయన్ని ఏమీ అనలేదు. ఆ అన్నం తినబుద్ధి కాలేదు. తిన్నాను, మందు వేసుకోవాలి కాబట్టి.

ఈ మందులు వాడేవాళ్లెవరైనా కనీసం పదిహేను రోజుల మాత్రలు ఎప్పుడూ ఇంట్లో అదనంగా ఉంచుకోండి. వరదే రానక్కర్లేదు, స్టాక్ లేదని షాపువాడు అన్నా చాలు. రాత్రిపూట ఆలోచనలు అటువైపు వెళ్తే పక్కనున్న మనిషిని లేపండి. పక్కన ఎవరూ లేకపోతే మానసిక ఆరోగ్యానికి ఉన్న ప్రభుత్వ ఫోన్ సాయం, టెలీ మానస్ 14416 కి చేయండి. 2022 అక్టోబరులో కేంద్రం పెట్టింది, డబ్బులు అక్కర్లేదు, ఇరవై నాలుగు గంటలూ తెలుగులో మాట్లాడతారు.

నొప్పులు పూర్తిగా పోలేదు. చలికాలం మోకాళ్లు పట్టేస్తాయి. పని మధ్యలో పడుకోవాలి, పడుకుంటాను. ఇప్పుడెవరికీ సంజాయిషీ చెప్పట్లేదు. డాక్టరమ్మ మాత్ర డోసు కొంచెం తగ్గించారు, తొందరేం లేదన్నారు. మొన్న దసరాకి ఇంద్రకీలాద్రి మెట్లు మధ్యమధ్యలో కూర్చుంటూ ఎక్కాను.

మా అమ్మాయికి వచ్చే వేసవి రెండో కాన్పు. మళ్లీ వెళ్తావా అని అందరూ అడుగుతున్నారు. వెళ్తాను. పొడుగు చేతులు, పొడుగు సాక్సులు, ప్యాంటు అంచులు సాక్సుల్లో దోపుకోవడం, బట్టలకి పెర్మెత్రిన్ అనే పురుగుల మందు కొట్టించడం, బయట నుంచి రాగానే స్నానం చేసి మోకాళ్ల వెనక, చంకల్లో, జుట్టు కుదుళ్లలో వెతుక్కోవడం, అన్నీ రాసి పెట్టుకున్నాను. ఉన్నన్నాళ్లకీ సరిపడా మాత్రలు, డాక్టరమ్మ చీటీతో సహా చేతి సంచీలోనే వస్తాయి. బావగారు ఈసారి కూడా ఏదో అన్నారట. అక్క చెప్పలేదు, నేను అడగలేదు. మే నెలకి టికెట్లు తీసుకున్నాం.