గోవా పోకర్ బల్ల దగ్గర ఎదుటివారి ఆటతీరును గమనించడం నేర్చుకున్న నా అనుభవం

ఒంగోలులో ఒక పొగాకు వ్యాపార సంస్థలో లెక్కలు చూసే ఉద్యోగం నాది. పండుగలకు అమ్మమ్మగారి ఊరు వెళ్లినప్పుడల్లా పెద్దల పక్కన కూర్చుని రమ్మీ చూస్తూ, ఆ తరువాత ఆడుతూ పెరిగినవాణ్ని కాబట్టి, మూడేళ్ల క్రితం మా బావమరిదితో కలిసి మొదటిసారి గోవా వెళ్లినప్పుడు పోకర్ నాకు కష్టమైన ఆట కాదనే అనుకున్నాను. చేతికి వచ్చే రెండు ముక్కల విలువ, బల్ల మీద అందరికీ కలిపి మొదట మూడు (ఫ్లాప్), తరువాత ఒకటి (టర్న్), చివరికి మరొకటి (రివర్) పరిచే వరుస, ముక్కలు చూడకముందే ఇద్దరు వంతులవారీగా కట్టవలసిన బ్లైండ్ల లెక్క పుస్తకం చూసి నేర్చుకోవడానికి నాకు వారం రోజులు చాలాయి. బల్ల చుట్టూ కూర్చున్నవారిలో ఎవరితో ఎలా ఆడాలో తెలియడానికి మాత్రం నాలుగు ప్రయాణాలు పట్టాయి.

మన ఆంధ్రప్రదేశ్‌లో డబ్బు పెట్టి ఈ ఆట ఆడే వీలు లేదు. 1974 నాటి గేమింగ్ చట్టాన్ని 2020లో సవరించి ఆన్‌లైన్ ఆటను కూడా నిషేధించారు. గోవాలో 1976 నాటి జూద చట్టానికి తరువాత చేసిన సవరణల వల్ల పెద్ద హోటళ్లలోను, పణజీ దగ్గర మాండవీ నదిలో నిలిపిన ఓడలలోను క్యాసినోలు నడుస్తున్నాయి. ఇరవై ఒక్క సంవత్సరాలు నిండినవారినే లోపలికి అనుమతిస్తారు. మేము గుంటూరు వెళ్లి వాస్కో వెళ్లే అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కాము. ఇంటిలో ముందుగా మాట్లాడుకున్న ప్రకారం, ఒక్కో ప్రయాణానికి ఆటకు ఇరవై వేల రూపాయలకు మించి తీయకూడదు.

మొదటి రాత్రి యాభై, వంద రూపాయల బ్లైండ్లున్న బల్ల దగ్గర పది వేలతో కూర్చున్నాను. నాకు ఆసు, రాజు వచ్చాయి. పందెం నాలుగు వందలకు పెంచితే ఒక్క మనిషి మాత్రమే నిలిచాడు. అతను అప్పటికి గంట నుంచి దాదాపు ప్రతి చేతిలోనూ, అంటే ముక్కలు పంచిన ప్రతిసారీ, డబ్బు వేస్తూనే ఉన్నాడు, ఒక్కసారి కూడా తనంతట తాను పెంచలేదు. ఫ్లాప్‌లో తొమ్మిది, ఆరు, రెండు పడ్డాయి. నాకు ఏమీ కలవకపోయినా ఆరు వందలు వేశాను, అతను కాల్ చేశాడు, అంటే అంతే డబ్బు వేసి ఆటలో నిలిచాడు. టర్న్‌లో జాకీ పడితే పద్నాలుగు వందలు, రివర్‌లో నాలుగు పడితే మూడు వేలు వేశాను. అంత పెద్ద పందేనికి ఎవరైనా ముక్కలు పారేస్తారని నా నమ్మకం. అతను ఏమాత్రం ఆలోచించకుండా కాల్ చేసి ఆరు, ఏడు చూపించాడు. ఆరుల జతతో నా ఐదు వేల నాలుగు వందలు వెళ్లిపోయాయి.

బయటికి వచ్చాక మా బావమరిది ఒకే మాట అన్నాడు: “ఏంది బావా, అతను గంట నుంచి ఒక్క చెయ్యి కూడా వదల్లేదు కదా, నువ్వు వేస్తే మాత్రం ఎందుకు వదులుతాడు?” ఆ ప్రశ్న నన్ను చాలా రోజులు వెంటాడింది. నేను నా బ్లఫ్ (మంచి ముక్కలు లేకుండానే ఉన్నట్టు పందెం వేయడం) గొప్పదా కాదా అని ఆలోచించానే గాని, దాన్ని నమ్మి వదిలే మనిషి ఎదురుగా ఉన్నాడా అని చూడలేదు. ఇలాంటి ఆటగాడి మీద బ్లఫ్ పూర్తిగా మానుకోవాలి. మంచి జత వచ్చినప్పుడు మాత్రం మామూలుగా వేసేదానికంటే పెద్ద పందెం వేయాలి, ఎందుకంటే అతను తక్కువ ముక్కతోనూ డబ్బు ఇస్తాడు. రెండవ ప్రయాణంలో ఈ ఒక్క మార్పుతోనే నా ఆట నిలకడగా సాగింది.

రమ్మీ అలవాటు నాకు మరో విధంగా కూడా అడ్డు వచ్చింది. రమ్మీలో మొదట్లోనే డ్రాప్ అయితే ఇరవై పాయింట్లు, మధ్యలో అయితే నలభై పడతాయి కాబట్టి, ముక్కలు వదిలేయడం నష్టమనే భావన మనసులో పాతుకుపోయి ఉంటుంది. పోకర్‌లో బ్లైండ్ కట్టవలసిన వంతు కానప్పుడు ముక్కలు పారేస్తే రూపాయి కూడా పోదు. పైగా అలా పక్కకు తప్పుకున్న సమయమే మనుషులను గమనించే సమయం. ఎవరు ఎన్ని చేతులు ఆడుతున్నారు, పెంచుతున్నారా, కేవలం కాల్ చేస్తున్నారా, చివరికి ముక్కలు చూపినప్పుడు వాటి విలువ ఎంత అన్న మూడు విషయాలను నేను ప్రతి ఒక్కరి గురించీ మనసులో రాసుకోవడం మొదలుపెట్టాను. మొదటి ముప్పావు గంట గట్టి చేతులు తప్ప మరేవీ ఆడలేదు.

మూడవసారి ఒక కుర్రవాడు తగిలాడు. ప్రతి రెండు చేతులకు ఒకసారి పెంచుతూ, ఎవరు చెక్ చేసినా (పందెం వేయకుండా వంతు దాటించినా) వెంటనే పందెం వేసి బల్లంతటినీ తన అదుపులో పెట్టుకున్నాడు. నా తరువాత అతని వంతు రావడంతో, నేను కాల్ చేసిన ప్రతిసారీ అతను పెంచేవాడు. అతనికి ఎడమ పక్క కుర్చీ ఖాళీ కాగానే డీలర్‌ను అడిగి అక్కడికి మారాను. ఇక అతను ఏం చేశాడో చూశాకే నా నిర్ణయం తీసుకునే వీలు కలిగింది. నాకు పదుల జత వచ్చిన చేతిలో రాణి, ఏడు, ఆరు, ఆ తరువాత మూడు, రెండు పడ్డాయి. అతను మూడుసార్లూ పందెం వేశాడు. నేను ఎక్కడా పెంచలేదు, కాల్ మాత్రమే చేశాను. పెంచితే అతని దగ్గర ఏమీ లేనప్పుడు పారేస్తాడు, ఏదైనా ఉన్నప్పుడు మాత్రమే నిలుస్తాడు. అతను చూపించినవి తొమ్మిది, ఎనిమిది. ఐదు ముక్కల వరుస పూర్తి కావడానికి అతనికి ఐదు గాని పది గాని కావాలి, అవి పడకపోవడంతో నా జతే గెలిచింది, ఆ పదులలో రెండు నా చేతిలోనే ఉన్నాయి.

అయితే నాకు అన్నింటికంటే ఎక్కువ నేర్పింది నాలుగవ ప్రయాణంలో కలిసిన ఒక పెద్దాయన. మొదటి రెండు గంటల్లో ఆయన ఐదారు చేతులకు మించి ఆడలేదు. ఆయన పెంచితే రాణుల జతను కూడా పారేశాను, అది సరైన నిర్ణయమేనని ఇప్పటికీ నమ్ముతున్నాను. తరువాత ఆయన రాజుల జతతో ఒక పెద్ద పాట్ (బల్ల మధ్య పోగైన పందెం మొత్తం) పోగొట్టుకున్నారు. ఆ తరువాత వరుసగా నాలుగు చేతులలో పెంచారు. ఆయన గట్టి ముక్కలు లేకుండా పెంచరని అప్పటికే తీర్మానించుకున్న నేను మూడుసార్లు మంచి చేతులు వదిలేశాను. నాలుగవసారి మరొకరు కాల్ చేస్తే ఆయన తెరిచినవి ఏడు, ఐదు.

ఆ క్షణంలో నాకు మా పొగాకు వేలం కేంద్రం గుర్తుకు వచ్చింది. ఉదయం నుంచి ప్రతి మంచి బేలుకు ధర పెంచుతూ వచ్చిన కొనుగోలుదారు, తన కంపెనీకి కావలసిన సరుకు నిండగానే అదే రకం ఆకు ముందుకు వచ్చినా నోరు మెదపడు. మనిషి మారలేదు, అవసరం మారింది. ఆ సంగతి తెలిసినందువల్లనే మా సంస్థలో సాయంత్రం ధరను ఉదయం చూసిన తీరును బట్టి అంచనా వేయరు. ఏళ్ల తరబడి ఆ లెక్కలు రాస్తున్న నేను, పోకర్ బల్ల దగ్గర మాత్రం రెండు గంటల క్రితం పెట్టిన పేరుతోనే ఒక మనిషిని కొలిచాను.

అప్పటి నుంచి పెద్ద పాట్ ఎవరు గెలిచినా, ఎవరు ఓడినా, వారి గురించి అంతకు ముందు అనుకున్నదాన్ని పక్కన పెట్టి తరువాతి పది చేతులు కొత్తగా చూస్తున్నాను. ఆ రాత్రే మరో గంట తరువాత పెద్దాయన మళ్లీ పెంచారు. నా దగ్గర ఆసు, రాణి ఉన్నాయి. ఈసారి కాల్ చేశాను. ఫ్లాప్‌లో రాణి పడింది. ఆయన చివరి వరకు పందెం వేశారు, నేను చివరి వరకు కాల్ చేశాను. ఆయన తొమ్మిదుల జత చూపించి, నా వైపు తల ఊపి, కుర్చీ వెనక్కి జరుపుకుని లేచారు.