కర్రోడి దొంగ మొహం

శ్రావణ శుక్రవారం, రాత్రి

ఈరోజు మా ఇంట్లో పంచాయితీ అంతా మా కుక్క కర్రోడి మీదే నడిచింది. వరలక్ష్మీ వ్రతం కదా, తెల్లారకుండానే లేచి తలంట్లు పోసుకుని నేనూ అత్తయ్యా వంటలో పడ్డాం. వంటింట్లో ఉక్కకి ప్రాణం పోతుందని మూకుడు వెనక వసారాలో చిన్న స్టవ్ మీద పెట్టుకున్నాం. గారెలు వేయించి పళ్ళెంలో పెట్టి, పైన చిల్లుల మూత వేసి అత్తయ్య కలశం సంగతి చూడ్డానికి లోపలికెళ్ళారు, నేనేమో పూర్ణాల తోపు జారుగా అయిందని బియ్యప్పిండి డబ్బా వెతుక్కుంటున్నా. తిరిగొచ్చేసరికి మూత పక్కకి జరిగుంది, రెండు గారెలు లేవు. అమ్మవారికి నైవేద్యం పెట్టకముందే!

"ఒరేయ్ దొంగ సచ్చినోడా!" అని అత్తయ్య ఒక్క కేక.

కర్రోడు అప్పటికి తులసికోట పక్కన గచ్చు మీద పడుకుని ఉన్నాడు. ఆవిడ గొంతు లేచీ లేవగానే చెవులు వెనక్కి అతికించేశాడు, తోక కాళ్ళ మధ్యకి పోయింది, పొట్ట నేలకి ఆనించి, తల అటు తిప్పుకుని కళ్ళు మాత్రం ఇటు పెట్టి చూస్తున్నాడు, కంటి చివర తెల్లగుడ్డు కనబడేలా. ముక్కు ఒకసారి నాక్కున్నాడు. తర్వాత ముందుకాలు ఒకటి కాస్త పైకెత్తి అలాగే ఉంచేశాడు, దించాలో వద్దో తెలియనట్టు. "చూశావా, మొహమే చెప్తోంది, తప్పు చేసినోడికే అంత భయం" అని అత్తయ్య తీర్పు చెప్పేశారు.

రాత్రే హాస్టల్ నుంచి దిగిన మా పెద్దది పళ్ళు తోముకుంటూ వచ్చింది. తిరుపతిలో పశువైద్యం చదువుతోంది కాబట్టి కుక్కల తరఫున వకాల్తా ఎప్పుడూ దానిదే. "నాయనమ్మా, వాడి మొహం గారెల గురించి చెప్పట్లేదు, నీ గొంతు గురించి చెప్తోంది" అంది. 2009లో న్యూయార్క్‌లో అలెగ్జాండ్రా హోరోవిట్జ్ అనే ఆవిడ ఇదే పరీక్ష పెట్టిందట. యజమాని బిస్కెట్ ముందు పెట్టి తినొద్దని చెప్పి గదిలోంచి వెళ్ళిపోవాలి. తిరిగొచ్చాక నీ కుక్క తిన్నదనో తినలేదనో వాళ్ళకి చెప్తారు, కానీ చెప్పింది ప్రతిసారీ నిజం కాదు. తినని కుక్కని కూడా తిన్నదనుకుని యజమాని తిడతాడన్నమాట. చివరికి తేలిందేమిటంటే దొంగ మొహానికీ, చేసిన పనికీ సంబంధం లేదు, తిట్టుకే సంబంధం. పైగా ఏ పాపం ఎరగకుండా తిట్లు తిన్నవే మొహం మరీ చిన్నబుచ్చుకున్నాయట. ఎదుటి మనిషి కోపంగా ఉన్నప్పుడు గొడవొద్దు బాబూ అని కుక్క ఒళ్ళంతా చెప్పే మాట అది, దాన్ని మనం నేరం ఒప్పుకోవడం కింద రాసుకుంటున్నాం.

న్యూయార్క్ దాకా ఎందుకు, భారతం మొదట్లోనే ఉందిగా అన్నాను నేను. ఈ కథ మాకు చెప్పిందే అత్తయ్య. జనమేజయుడు యాగం చేస్తుంటే అక్కడికి సరమ కొడుకు, అంటే దేవతల కుక్క సరమకి పుట్టిన కుక్కపిల్ల వస్తుంది, రాజు తమ్ముళ్ళు దాన్ని కొడతారు, అది ఏడుస్తూ తల్లి దగ్గరికి పోతుంది. సరమ నేరుగా యాగశాలకి వచ్చి, నా బిడ్డ హవిస్సు వంక చూడలేదు, నాకలేదు, ఎందుకు కొట్టారని నిలదీస్తే ఒక్కరి దగ్గరా జవాబు ఉండదు. అనుకోని భయం వచ్చి మీద పడుతుందని శపించి మరీ వెళ్తుంది. అత్తయ్య ఒక్క క్షణం ఆగి, "ఆ యాగంలో గారెలు లేవులే" అని లోపలికెళ్ళిపోయారు.

గారెలు ఎవరు తిన్నారో ఇప్పటికీ తేలలేదు. మా చిన్నోడు మాత్రం మధ్యాహ్నం పులిహోర కూడా సరిగ్గా ముట్టలేదు. నేనేం అడగలేదు. వాడి వేళ్ళు ఓసారి వాసన చూశానుగానీ, మన ముక్కు కదా, ఏమీ తెలియలేదు.

మధ్యాహ్నం అందరి భోజనాలూ అయ్యాక చూస్తే అత్తయ్య వసారా మెట్టు మీద కూర్చుని పెరుగన్నం ముద్ద చేసి, "రారా దొంగ సచ్చినోడా, తిను" అంటున్నారు. వాడు నడుమంతా ఊపుకుంటూ వచ్చాడు. పొద్దున ఏ మాటకి నేలకి అతుక్కుపోయాడో అదే మాట! మా పెద్దదానికి ఇదీ పాఠమే అయిపోయింది. 2016లో బుడాపెస్ట్‌లో ఆటిలా ఆండిచ్ బృందం పదమూడు కుక్కల్ని ఎమ్మారై మిషన్లో కదలకుండా పడుకునేలా అలవాటు చేసి, మెచ్చుకునే మాటల్నీ మామూలు మాటల్నీ ఒకసారి మెచ్చుకునే గొంతుతో, ఒకసారి చప్పగా వినిపించారు. మెదడులో సంతోషానికి సంబంధించిన భాగం బాగా స్పందించింది మాటా గొంతూ రెండూ మెచ్చుకున్నప్పుడే. ఉత్త మాట చాలలేదు, ఉత్త గొంతూ చాలలేదు. మరి మా అత్తయ్య ముద్దుగా తిట్టే తిట్టు సంగతేంటి అని అడిగితే, నిఘంటువు సంగతి వాడికెందుకమ్మా, పుట్టిన దగ్గర్నుంచీ ఆ మాట వెనకే పెరుగన్నం వస్తోంది కాబట్టి వాడి లెక్కలో అది మెచ్చుకోలే అంది. నిజమే అనిపించింది. ఈ ఇంట్లో నాకు దొరికిన మెచ్చుకోళ్ళు కూడా చాలావరకు ఆ బాపతే.

నిన్న రాత్రి జరిగింది కూడా రాసుకోవాలి, లేకపోతే మర్చిపోతాను. పెద్దది స్టేషన్ నుంచి ఆటో దిగేసరికి పదిన్నర దాటింది. ఈసారి జుట్టు కత్తిరించుకుంది, కొత్త కళ్ళజోడు, మొహానికి మాస్కు, వెనకాల గరగరమంటూ చక్రాల బ్యాగు. కావాలనే నోరు మెదపకుండా గేటు దగ్గర నిలబడింది. కర్రోడు మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని, కోరలు బయటపెట్టి, దొంగ మీద కూడా మొరగనంత మొరిగాడు. మా ఆయన కర్ర తీసుకుని బయటికొచ్చారు. అది గేటు సందులోంచి చెయ్యి లోపలికి పెట్టింది. మొరుగుడు మధ్యలో తెగిపోయింది. చేతిని ఒకటికి రెండుసార్లు గట్టిగా పీల్చాడు. ఇక ఆ తర్వాత వాడి గొంతులోంచి వచ్చిన చప్పుడుని ఏడుపనే అనాలి, గచ్చు మీద పొర్లి, లేచి, మళ్ళీ పొర్లి, ఒంటేలు కూడా పోసేసుకున్నాడు పాపం.

ఇన్నాళ్ళూ పెంచిన పిల్లని మొహం చూసి గుర్తుపట్టలేడా అని నాకు కాస్త చిన్నతనంగానే అనిపించింది. కానీ మొహానికి మనం ఇచ్చినంత విలువ కుక్క మెదడు ఇవ్వదట. బుడాపెస్ట్ వాళ్ళదే 2020 నాటి పరిశోధన ఉంది, మనిషి మొహం చూపించినా తల వెనక భాగం చూపించినా కుక్క మెదడులో చెప్పుకోదగ్గ తేడా రాలేదు, అదే మనుషుల్లో అయితే మొహానికి ప్రత్యేకంగా స్పందించే చోట్లే ఉన్నాయి. వాసన దగ్గరికొస్తే కథ వేరు. అట్లాంటాలో గ్రెగరీ బెర్న్స్ అనే ఆయన, తెలిసిన మనిషి పక్కన లేకుండా ఒట్టి వాసన మాత్రమే కుక్కలకి చూపిస్తే, మంచి జరగబోతోందని ఆశపడే మెదడు భాగం అన్ని వాసనలకన్నా దానికే ఎక్కువ మేల్కొందని చూశాడు. మావాడు పెద్దది లేనన్నాళ్ళూ దాని పాత చున్నీ మీదే పడుకుంటాడు. ఉతుకుదామని తీస్తే గుర్రుమంటాడు. మెత్తగా ఉంటుందని పడుకుంటున్నాడులే అనుకునేదాన్ని.

ఐదేళ్ళు ఓడ ప్రయాణం చేసి ఇంటికొచ్చిన డార్విన్ కథ కూడా చెప్పింది మా పెద్దది. ఆయన కుక్క కొత్తవాళ్ళని దగ్గరికి రానిచ్చేది కాదట. అది ఉండే గుర్రాల సాల దగ్గరికి పోయి పాత పద్ధతిలో పిలిస్తే, గంతులేమీ లేకుండా లేచొచ్చి, అరగంట కిందట విడిపోయినట్టు వెంట నడిచిందట. మా వాడి నాటకాలకీ దానికీ ఎంత తేడా!

ఎదురింటి మాస్టారికి ఇవన్నీ లాబ్రడార్లకి చెందిన విషయాలు. "ఊరకుక్కకేం తెలుస్తుందమ్మా, తిండి పెడితే తోకాడిస్తది" అంటారు. కలకత్తాలో ఐసర్ అనే సైన్సు పరిశోధనా సంస్థలో అనిందితా భద్ర గారి బృందం ఏళ్ళ తరబడి వీధికుక్కల మీదే పనిచేస్తోంది. రోడ్డు మీద కుక్క ముందు మూతపెట్టిన రెండు గిన్నెలు పెట్టి, దానికి ఏమాత్రం పరిచయం లేని మనిషి ఒక గిన్నె వైపు వేలు చూపిస్తే, దాదాపు సగం కుక్కలు భయపడి దగ్గరికే రాలేదుగానీ, వచ్చినవాటిలో నూటికి ఎనభై దాకా చూపించిన గిన్నె దగ్గరికే పోయాయి. ఎవరూ శిక్షణ ఇచ్చినవి కావు. ఇంకో పరీక్షలో, కొత్త మనిషిని నమ్మడానికి తిండి కన్నా తల నిమరడమే ఎక్కువ పనిచేసిందని తేలింది. మాస్టారికి ఈ మాట చెప్తే "అవునా" అని పేపర్లో తల పెట్టేశారు. ఆయన లాబ్రడార్ మా గేటు దగ్గరికొచ్చి కర్రోడి అన్నం తిని పోతుంది, దాని తెలివి గురించి నాకేమీ సందేహం లేదు.

సాయంత్రం పేరంటాళ్ళకి తాంబూలాలిచ్చి కాస్త నడుం వాల్చానో లేదో, కర్రోడు దిగ్గున లేచి మేడ మెట్లెక్కి పోయాడు. ఎందుకా అని వెనకే వెళ్తే, పక్క వీధిలో పెళ్ళికొడుకుని చేస్తున్నారు, వీడియో వాళ్ళ డ్రోన్ మా డాబా పైనుంచి పోతోంది. నాకా చప్పుడు పైకెక్కాకగానీ వినబడలేదు. వీధిలో మిగతా కుక్కలన్నీ దాన్ని చూసి గోల గోలగా మొరుగుతుంటే మావాడు నీళ్ళ ట్యాంకు పక్కన బుద్ధిగా కూర్చుని, తల పైకెత్తి, తోకతో గచ్చు ఊడుస్తూ చూస్తున్నాడు. నోట్లోంచి చొంగ కారుతోంది.

నాకు ఒళ్ళు జలదరించింది. 2024 సెప్టెంబరు 1న బుడమేరు వాగు విజయవాడలో మా సింగ్‌నగర్ మీద పడ్డప్పుడు మేమంతా ఈ డాబా మీదే ఉన్నాం. కింద ఇల్లు మునిగిపోయింది, కరెంటు లేదు, ఫోన్లు చచ్చిపోయాయి, అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందని ఎవరో పడవలో పోతూ అరిచి చెప్పారు. పడవలు రాలేని సందుల్లోకి డ్రోన్లతో తిండి పొట్లాలు పంపారు. మొదటిసారి ఆ చప్పుడుకి మంచం కింద దూరిన కర్రోడు, రొట్టెముక్క దొరికాక రెండోసారి నుంచి మాకన్నా ముందు లేచి నిలబడేవాడు.

అంటే వాడికి వరద గుర్తుందా? దీని మీద అమ్మాకూతుళ్ళం చీకటి పడేదాకా వాదించుకున్నాం. చప్పుడుకీ తిండికీ ముడి పడిపోయింది, అంతే కావచ్చు. రష్యా శాస్త్రవేత్త పావ్‌లోవ్ పరీక్షలు పెట్టిన కుక్కలు తిండి తెచ్చే మనిషి అడుగుల చప్పుడుకే చొంగ కార్చలేదా. ముడి గుర్తుండటం వేరు, ఆరోజు ఏం జరిగిందో గుర్తుండటం వేరు. ఈ రెండోది కుక్కలకి ఉందా అని 2016లో క్లౌడియా ఫుగాజ్జా అనే ఆవిడ చూసింది. ముందు పదిహేడు కుక్కలకి యజమాని చేసిన పనిని తిరిగి చేసి చూపించడం నేర్పారు. తర్వాత ఆ ఆట మాన్పించి, యజమాని ఏం చేసినా చివర్లో ఊరికే పడుకోవడం అలవాటు చేశారు. మళ్ళీ అడుగుతారన్న ఆశే లేకుండా చేశారన్నమాట. అప్పుడు ఉన్నట్టుండి, ఇందాక నేను చేసింది చెయ్యి అని అడిగితే చాలా కుక్కలు చేశాయి, నిమిషం తర్వాత అడిగినా, గంట తర్వాత అడిగినా. గంటకి కాస్త తగ్గింది, కానీ పూర్తిగా పోలేదు. అడుగుతారని తెలియకపోయినా యజమాని చేసింది మనసులో పెట్టుకున్నాయంటే అది ఒట్టి ముడి కాదు అంటుంది మా పెద్దది. సరే, కానీ అక్కడ గంట, ఇక్కడ ఏళ్ళ సంగతి. డ్రోన్ వరకూ నేను పావ్‌లోవ్ పక్షమే.

వాన విషయంలో మాత్రం అంత తేలిగ్గా తేల్చలేకపోతున్నా. మామూలు జల్లుకి కదలడు. రాత్రిపూట ఏకధాటిగా పట్టిందంటే ఎవరూ పిలవకుండానే మెట్లెక్కి మలుపు దగ్గరి పెద్ద మెట్టు మీద కూర్చుంటాడు, పైకీ పోడు కిందకీ రాడు. వరదప్పుడు వాడికి గోనెసంచి పరిచింది ఆ మెట్టు మీదే. పక్క గోడకి నీటి చార ఇంకా అలాగే ఉంది, సున్నం వేసినా పోలేదు. చార చూసి అక్కడ ఆగుతాడని నేననను. కానీ అక్కడే కూర్చుని మేమందరం ఇంట్లో ఎక్కడెక్కడున్నామో చప్పుళ్ళని బట్టి చూసుకుంటుంటాడు, ఎవరైనా వీధి తలుపు తీస్తే ఒక్కసారి మొరిగి మళ్ళీ ఊరుకుంటాడు.

ఇప్పుడా మెట్టు నిండా పాత కూలరూ, ఖాళీ నూనె డబ్బాలూ పెట్టేశాం. భాద్రపదం వచ్చేస్తోంది, వానలు ముందున్నాయి, అవి తీసేసి వాడికి చోటివ్వమని మా ఆయనతో చెప్తే ఆదివారం తీస్తానన్నారు. ఆయన ఆదివారాలు నాకు తెలియనివా, రేపు పొద్దున్నే నేనూ పెద్దదీ తీసేస్తాం.