చందువా తోక

నిన్న జాలారిపేట గోడ మీద బొమ్మ పూర్తయింది. తొమ్మిది రోజుల పని, చేతులింకా పెయింటు వాసనే.

పోయినసారి బీచ్ వైపు గోడ మీద తొందరపడి వేసిన బొమ్మ మూడు నెలలకే పెచ్చులూడింది, తప్పు నాదే, గోడలోని ఉప్పు కడగకుండానే ప్రైమర్ కొట్టేశా. ఈసారి మంచినీళ్లతో రెండుసార్లు కడిగి, బాగా ఆరబెట్టాకే మొదలుపెట్టాం. చూద్దాం, ఉప్పుగాలిని నమ్మలేం.

మూడో రోజు చేపల బుట్టతో వెళ్తున్న ఒక మామ్మ ఆగి, నేను గీసిన చందువా చేపని చూసి, "ఏటి బాబూ, తోక అలగుంటాదా?" అంది. నేను ఆకులా గుండ్రంగా గీశాను. నా చేతిలోంచి సుద్దముక్క లాక్కుని రెండు గీతల్లో కత్తెరలా చీల్చేసింది. నలభై మంది పిల్లల ముందు. ఆ గీతలు అలాగే ఉంచి రంగు నింపాను, నా మొత్తం గోడలో బాగా కుదిరింది అదే.

మొన్న ఎగ్జిబిషన్‌లో ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే ఒకాయనతో కలిసి పని చేశాను, అక్కడా ఇదే కథ. నేను కాగితం మీద గీసిన ఆకారం చూసి, అంకుడు కర్ర తరిణె (కర్రని తిప్పుతూ చెక్కే యంత్రం) మీద అలా తిరగదని నవ్వేశాడు. 2017లో ఆ బొమ్మలకి జీఐ (భౌగోళిక) గుర్తింపు వచ్చినప్పుడు పేపర్లో చదివి ఊరుకున్న బాపతు నేను.

హాల్లో జనం "బాగుందండీ" అని ఫోటో తీసుకుని వెళ్లిపోతారు. పేటలో తప్పు దిద్ది, టీ ఇప్పించి మరీ పంపిస్తారు.

వచ్చే ఆదివారం పక్క గోడ. వంజరం చేప గీయాలి, మామ్మని ముందే పిలుస్తున్నా.