ముందు వెళ్లే బండి, ఆగే బండి

గుంటూరు నుంచి విజయవాడకు రోజూ రైల్లో వచ్చిపోయే మాలాంటివారికి కృష్ణా కెనాల్ స్టేషన్ గురించి ఎవరూ చెప్పనక్కర్లేదు. గుంటూరు లైను, తెనాలి మీదుగా వచ్చే మద్రాసు లైను అక్కడ కలుస్తాయి. ఆ తరువాత వంతెన దాటితే విజయవాడే. మా ప్యాసింజరును అక్కడ ఆపారంటే, ఏదో ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇస్తున్నారని పెట్టెలో అందరికీ తెలిసిపోతుంది. పక్కన, బండ్లను తప్పించి ఆపే లూప్ లైనులో అప్పటికే ఒక గూడ్సు బండి నిలబడి ఉంటుంది. ఎక్స్‌ప్రెస్ దూసుకుపోయాక మాకు సిగ్నల్ ఇస్తారు, గూడ్సు మాత్రం అలాగే ఉంటుంది.

ఒక పనికి అగ్ర ప్రాధాన్యం ఇస్తున్నామని ఎవరైనా అన్నప్పుడు నేను మొదట ఆ గూడ్సు బండి కోసం వెతుకుతాను. ఏ పనిని ఆపారు? ఆపినదాన్ని ఎక్కడ నిలబెట్టారు? లూప్ లైను లేని చోట ఎంత గొప్ప రైలైనా ముందున్న బండి వెనకే నడవాలి. మా ఆఫీసులో వారం వారం జరిగే సమీక్షలో అన్ని పనులూ అర్జంటే కాబట్టి, చివరికి ఎవరు గట్టిగా ఫోన్ చేస్తే వారి ఫైలే కదులుతుంది.

రైల్వేలో ప్రమాద స్థలానికి వెళ్లే సహాయ రైలుకు మిగతా బండ్లన్నీ దారి ఇవ్వాలి. అయితే ఆ ప్రాధాన్యం ప్రమాదం జరిగిన రోజున మొదలయ్యేది కాదు. వైద్య పరికరాలతో ఉండే సహాయ బండిని రెండు వైపులా బయటికి దారి ఉన్న సైడింగులో, అంటే బండ్లు నిలిపే పక్క లైనులో, నిలిపితే, పిలుపు అందిన 15 నిమిషాల్లో కదలాలన్నది లెక్క. ఇరుకు యార్డులో ఒక లైనును ఏ పనికీ వాడకుండా దానికోసమే వదిలేయడం చూసేవారికి వృథాగా కనిపిస్తుంది. నా దృష్టిలో అసలు ఖర్చు, అసలు ప్రాధాన్యం అదే.

విజయవాడను ముంచిన బుడమేరు ఏటి పనులకు అగ్ర ప్రాధాన్యం అన్న ప్రకటనల విషయంలో నా అనుమానమంతా ఇక్కడే. 2024 సెప్టెంబరు ఆరంభంలో దాని గట్లకు గండ్లు పడి విజయవాడలోని సింగ్‌నగర్ ప్రాంతం మునిగినప్పుడు, ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణ వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. బుడమేరు మళ్లింపు కాలువ బ్యారేజీకి ఎగువన ఆ కృష్ణలోనే కలుస్తుంది కనుక, నది నిండుగా ఉన్నప్పుడు కాలువ నీరు సులువుగా దిగదు. గండ్లు పూడ్చిన రోజుల్లో సైన్యం, యంత్రాలు, రాళ్ల లారీలు అన్నీ అక్కడికే చేరాయి. అప్పుడు ఏది ముందన్న చర్చే రాలేదు. ఆ చర్చ రావలసింది నీళ్లు లేని ఏప్రిల్‌లో, ఏటి పొడవునా ఆక్రమణలు తీసి ప్రవాహానికి వెడల్పు ఇవ్వాల్సినప్పుడు. అందుకు ఏటి ఒడ్డున ఇళ్లు కట్టుకున్న పేదలకు ముందు వేరే చోటు చూపించాలి. వారికి స్థలం ఎక్కడ ఇస్తారో, ఎప్పటిలోగా ఇస్తారో, ఆ డబ్బు కోసం ఏ పనిని వాయిదా వేశారో చెప్పని ప్రకటన చదివితే, అందులో అగ్ర ప్రాధాన్యం అన్న మాట ఎన్నిసార్లు ఉన్నా నేను నమ్మలేకపోతున్నాను.