సిరిమాను పండక్కి అమ్మని ఎక్కడికి తీసుకెళ్లాం

"ఈసారి పండక్కి మీ అమ్మని ఎలా తీసుకెళ్తావే, జనం తొక్కేస్తారు" అని అడగని చుట్టం లేరు. నిజమే, దసరా వెళ్లాక వచ్చే మంగళవారం మా విజయనగరంలో అమ్మవారి గుడున్న మూడు లాంతర్ల కూడలి నుంచి కోట దాకా ఇసకేస్తే రాలదు, కాళ్లూ చేతులూ బాగున్నవాళ్లకే ఊపిరాడదు, పక్షవాతం వచ్చి ఎడమవైపు పడిపోయి చక్రాల కుర్చీలో ఉన్న మనిషి సంగతి ఇంక చెప్పాలా. కానీ మా అమ్మకి పండగంటే పైడితల్లమ్మ పండగే, మిగతావన్నీ ఉత్త సెలవులు.

అందుకని పండగంటే ఆ ఒక్క సాయంత్రమే అనుకోవడం మానేశాం. పందిరిరాట వేసిన దగ్గర్నుంచి, ముందురోజు తొలేళ్లు, మర్నాడు కొసన పూజారిని కూర్చోబెట్టి పొడవాటి మానుని ఊరేగించే సిరిమాను, ఆ పై మంగళవారం పెద్దచెరువులో తెప్పోత్సవం, తర్వాత ఉయ్యాలకంబాల అని ఇది నెల రోజులు సాగే పండగ కదా. ఇందులో జనం పల్చగా ఉండేదీ, అమ్మకి కాస్త ఓపికుండే పొద్దున పూట కుదిరేదీ ఏది అని చూస్తే హుకుంపేట తట్టింది. అమ్మవారు పూజారి కలలోకి వచ్చి ఫలానా చోట చింతచెట్టు ఉందని చెబుతుందని నమ్మకం, ఆ చెట్టుకి పూజ చేసి కొట్టి హుకుంపేట తెస్తారు, సిరిమానుగా చెక్కేది అక్కడే. పండగ రోజు మెడలెత్తి దూరం నుంచి చూసే మానుని అక్కడైతే చేత్తో ముట్టుకోవచ్చు.

కారెక్కించడమే అసలు పని. ఫిజియో చెప్పిందేమిటంటే, కుర్చీకి బ్రేకు వేసి, బాగున్న కాలి వైపుకే మనిషిని తిప్పి కూర్చోబెట్టాలి, పడిపోయిన చేతిని పట్టుకుని మాత్రం ఎప్పుడూ లాగకూడదు, భుజం జారుతుంది. చుట్టాలు సాయం చేస్తామని ముందు పట్టుకునేది సరిగ్గా ఆ చెయ్యే! చీర కట్టుకుంటానని పట్టుబట్టింది, కుచ్చిళ్లు ముందే కుట్టేసి నడుముకి ఎలాస్టిక్ పెట్టించాం, నైటీ మీదే తొడిగేసి పమిట వేస్తే సరిపోయింది.

అక్కడ మాను పడుకోబెట్టి ఉంది, పచ్చి చింతచెక్క వాసన, కింద చెక్కపేళ్లు. కుర్చీ దగ్గరికంటా తోస్తే అమ్మ కుడిచేత్తో పసుపు తీసుకుని నిదానంగా రాసింది, బొట్టు పెట్టింది, వేళ్లు వణికి బొట్టు కిందకి జారితే మళ్లీ పెట్టింది. నేను చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుంది. తర్వాత మాను ఈ చివర నుంచి ఆ చివరకంటా చూసి, మాట ముద్దగానే వస్తుంది గానీ స్పష్టంగా, "ఏటే, పోయినేడు కంటే పొట్టిగున్నట్టుంది" అంది. పనిచేస్తున్నాయన బాడిసె ఆపి, "అనుమానముంటే కొలుసుకోండమ్మా" అన్నాడు. తిరిగొచ్చేటప్పుడు కారులో దారంతా నవ్వుతూనే ఉంది.

తిండి దగ్గర ఇంకో టెన్షన్. పల్చటి పులుసు గానీ ఉత్త నీళ్లు గానీ తాగితే పొలమారుతుంది, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా. అలాగని పండగపూట అందరూ కోడికూర తింటుంటే ఆవిడకి జావ పెడతామా? వదిన కోడికూరని బాగా మెత్తగా ఉడికించి, ఎముకలు ఏరేసి, మిక్సీలో ఒక్కసారి తిప్పి, చిక్కటి గ్రేవీతో అన్నంలో కలిపింది. నిటారుగా కూర్చోబెట్టి, గెడ్డం కాస్త కిందకి పెట్టించి, చిన్న చిన్న ముద్దలు. తిన్నాక అరగంట దాకా పడుకోనివ్వం. గారె పెరుగులో బాగా నానబెట్టి పెట్టాం, "కారం లేదు" అని వంక పెట్టింది, అంటే నచ్చిందన్నమాట.

చుట్టాలకి మాత్రం ఒకటే రూలు, పొద్దున పూట రండి, ఇద్దరిద్దరుగా రండి, మంచం పక్కన నిలబడి "ఎలాంటి మనిషి ఎలా అయిపోయింది" అనొద్దు. దీనికి ఒకరిద్దరు మొహం మాడ్చుకున్నారు. మాడ్చుకోనీండి, ఆవిడకి చెవులు బాగానే ఉన్నాయి.

సిరిమాను రోజు టీవీలో లైవ్ పెట్టాం. మాను ముందు నడిచే తెల్ల ఏనుగు, బెస్తవారి వల వెళ్లేదాకా ఓపిగ్గా చూసింది, మాను మీదకి జనం అరటిపళ్లు విసురుతుంటే కుడిచెయ్యి ఎత్తింది. అన్నయ్య జనంలోంచి వీడియో కాల్ చేస్తే, "ఫోను కింద పెట్టి దండం పెట్టుకోరా ముందు" అని తిట్టి, మాను మూడోసారి కోట దాకా వెళ్లకముందే నిద్రపోయింది.

తెప్పోత్సవానికి వెళ్దామంటోంది. ఆ చీకట్లో, చెరువు గట్టు మీద కుదరదని చెప్పాం, బదులుగా రైల్వేస్టేషన్ దగ్గర ఉన్న అమ్మవారి ఇంకో గుడి, వనంగుడికి మంగళవారం కాని రోజు చూసి పొద్దున్నే తీసుకెళ్తాం. కుర్చీ లోపలి దాకా వెళ్తుందో లేదో అన్నయ్య ముందే చూసొస్తానన్నాడు. పండక్కి కొన్న కొత్తచీర ఇంకా విప్పలేదు, దానికే ఉంచమంది, దానికీ ఎలాస్టిక్ వేయించాలి.