మేడారం దారిలో నాలుగు సంచులు

2024 మేడారం సమ్మక్క సారలమ్మల జాతర ఫిబ్రవరి 21న మొదలవుతుందనగా, జనం ఇంకా పోటెత్తని వారాల్లోనే మొక్కు చెల్లించుకుని రావాలని మా ఇంట్లో అనుకున్నాము. హనుమకొండ నుండి ములుగు, పస్రా, నార్లాపూర్ మీదుగా మేడారం సుమారు వంద కిలోమీటర్లు. వెళ్లేది మా అత్తమ్మ, మావారు, నేను, ఇద్దరు పిల్లలు. అత్తమ్మకు చక్కెర వ్యాధి ఉన్నందున రోజూ ఇన్సులిన్ తీసుకోవాలి. చిన్నవాడికి బస్సు పడదు. ఒక రాత్రి చెట్ల కింద గుడారంలో పడుకోవాలి, తిరిగి వచ్చేటప్పుడు రామప్ప గుడి చూడాలి. ఇలాంటి ప్రయాణంలో బరువైన సామాను కంటే చిన్న సామానే ఎక్కువ ఆలోచన పెట్టిస్తుంది. బియ్యం, గిన్నెలు, దుప్పట్లు ఎక్కడున్నా కంటికి కనబడతాయి. పిన్నీసు, అగ్గిపెట్టె, గోలీల షీటు, ఇన్సులిన్ సూది, కండక్టరుకు చూపవలసిన ఆధార్ కార్డు మాత్రం అడిగిన క్షణంలో చేతికి దొరకకపోతే ఇంట్లో మరిచి వచ్చినదానికీ వాటికీ తేడా ఉండదు.

బట్టలన్నీ ఒకచోట, మందులన్నీ ఒకచోట, పూజ సామగ్రి ఒకచోట పెట్టడం అందరికీ అలవాటైన పద్ధతి. అలమరకు అది సరిపోతుంది. ప్రయాణంలో ఒక్క గడియలోనే మూడు నాలుగు రకాల వస్తువులు కలిసి అవసరమవుతాయి. వాగులో మునిగి గట్టెక్కిన పిల్లవాడికి తువ్వాలు, పొడి బట్టలు, దువ్వెన, లాగు జారకుండా ఒక పిన్నీసు, అన్నీ అప్పుడే కావాలి. అవి నాలుగు చోట్ల ఉంటే తడి చేతులతో నాలుగు మూటలు విప్పాలి. అందుకే మేము ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, ఇది ఎక్కడికి చేరాక అవసరమవుతుందని అడుగుకుంటూ సర్దాము. ఆ విధంగా దారి సంచి, వాగు సంచి, గద్దె సంచి, రాత్రి సంచి అని నాలుగు ఏర్పడ్డాయి. గద్దె అంటే మేడారంలో అమ్మవార్లు కొలువుండే వేదిక. మా వీధిలోని దర్జీ దగ్గర మిగిలిపోయిన గుడ్డలతో వీటిని కుట్టించాను. నాలుగింటికీ నాలుగు రంగులు పెట్టించాను, మూతికి నాడా వేయించాను.

రంగుల సంగతి చూసి అత్తమ్మ ఒక మాట అన్నది. "రంగు పగటిపూట అక్కరకొస్తది బిడ్డా. చీకట్ల కన్ను వనిచెయ్యది. ఏడ వెట్టినవో చెయ్యికి ఎరుకుండాలె." ఆ మాట విన్న తరువాత రాత్రి సంచి నాడాకు లావుపాటి ముడి వేసి, దానికి ఒక చెక్క పూస గుచ్చాను. తడిమితే తెలిసే గుర్తు అది. ఆమె తన నడుముకు దోపుకునే బొడ్డు సంచిలో కూడా ఇదే క్రమం ఉంటుంది. ఒక అరలో వక్కాకు, ఒక అరలో చిల్లర, లోపలి అరలో మడిచిన నోట్లు. చూడకుండానే వేలు సరైన అరలోకి వెళుతుంది.

అన్నిటికంటే ముందు తేలవలసింది మందుల విషయం. వాడకంలో ఉన్న ఇన్సులిన్ పెన్నును 30 డిగ్రీలకు మించని చోట సాధారణంగా నాలుగు వారాల దాకా బయట ఉంచుకోవచ్చు. తెరవని పెన్నును మాత్రం 2 నుండి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. ఒక రాత్రి ప్రయాణానికి తెరిచిన పెన్ను ఒక్కటి చాలు కనుక దాన్ని తడిపి పిండిన నూలు గుడ్డతో చుట్టిన చిన్న స్టీలు డబ్బాలో పెట్టి, దారి సంచిలో ఎండ తగలని మధ్య అరలో ఉంచాను. మంచుగడ్డల పక్కన పెట్టడం క్షేమమని కొందరు అనుకుంటారు. గడ్డకట్టిన ఇన్సులిన్ పనికిరాదు. వాడిన సూదులు వేయడానికి మూత గట్టిగా పడే మరొక డబ్బా తీసుకున్నాము, ఎందుకంటే వాటిని అడవి దారిలో పారవేయకూడదు. గోలీల షీటును స్థలం కలిసివస్తుందని కత్తిరించేటప్పుడు గడువు తేదీ ఉన్న భాగం పోకుండా చూసుకోవాలి. ఓఆర్ఎస్ పెద్ద ప్యాకెట్టును ఒక లీటరు నీటిలో మొత్తంగా కలపాలే తప్ప కొంచెం కొంచెంగా గ్లాసులో వేయకూడదు కనుక, దాని పక్కనే లీటరు సీసా పెట్టాను. మందు ఒకచోట, దాన్ని వాడే సాధనం మరొకచోట ఉంటే రెండూ ఉన్నా అక్కరకు రావు.

బస్సు ఎక్కగానే దారి సంచి నా ఒడిలోకి వచ్చింది, మిగిలినవి పైన పెట్టాము. రాష్ట్రంలో 2023 డిసెంబర్ 9 నుండి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్లకు పల్లె వెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. జీరో టికెట్ ఇచ్చే ముందు కండక్టరు గుర్తింపు కార్డు చూస్తాడు కనుక, అత్తమ్మ కార్డూ నా కార్డూ పై అరలోనే ఉన్నాయి. కార్డుల వెనుక ఒక గట్టి కాగితం మీద ఇంటివాళ్ల ఫోన్ నంబర్లు చేత్తో రాసి పెట్టాను. అడవిలో సిగ్నల్ అందకపోయినా, ఫోన్ చార్జింగ్ అయిపోయినా ఆ కాగితం పనిచేస్తుంది. అదే నంబరును చిన్న గుడ్డ ముక్కల మీద రాసి పిల్లల చొక్కా జేబుల లోపలివైపు కుట్టాను. జాతర స్థలంలో తప్పిపోయిన పిల్లల కోసం కేంద్రాలు ఉంటాయి. బెదిరిన పిల్లవాడు తండ్రి పేరు కూడా సరిగా చెప్పలేడు, జేబులోని గుడ్డ ముక్క చెబుతుంది.

ములుగు దగ్గర గట్టమ్మ తల్లి గుడి వద్ద మేడారం వెళ్లే బండ్లన్నీ ఆగుతాయి. మా బస్సు కూడా కొద్దిసేపు ఆగింది. గట్టమ్మకు కొట్టే కొబ్బరికాయ, అగరుబత్తీలు, కొద్దిగా పసుపు కుంకుమ నేను గద్దె సంచిలో కాక దారి సంచిలోనే పెట్టాను. రకాన్ని బట్టి సర్దితే అవి పూజ సామగ్రిలో కలిసిపోయేవి, పైనున్న మూట దింపేసరికి బస్సు కదిలేది. నాకు ఈ పద్ధతి మీద నమ్మకం కుదిరింది అక్కడే.

జంపన్న వాగు చేరేసరికి ఎండ ఎక్కింది. కాకతీయ సైన్యంతో పోరాడి ఇక్కడ ప్రాణం విడిచిన సమ్మక్క కొడుకు జంపన్న పేరే ఈ సంపెంగ వాగుకు నిలిచింది. వాగులో మునగకుండా గద్దెల దగ్గరికి వెళ్లకూడదని అత్తమ్మ పట్టుదల. వాగు సంచిలో ఒక్కొక్కరి బట్టలను ఒక్కొక్క చుట్టగా చుట్టి నాడాతో కట్టాను. చొక్కా లేదా రవిక నడుమ, దాని చుట్టూ లోబట్టలు, అన్నిటికీ పైన తువ్వాలు. చుట్ట విప్పగానే మొదట తువ్వాలు చేతికి వస్తుంది, బట్టలు తొడుక్కునే వరుసలోనే ఒక్కొక్కటీ బయటపడతాయి. పిన్నీసులు, స్టిక్కర్ బొట్లు, దువ్వెన ఒక పాత కళ్లజోడు పెట్టెలో సరిపోయాయి. సబ్బు, షాంపూ ప్యాకెట్లు మాత్రం కావాలనే తీసుకురాలేదు. మేడారం ఏటూరునాగారం అభయారణ్య ప్రాంతంలో ఉన్నది. భక్తితో మునిగే నీటిలో నురగ, ఒడ్డున చింపిన ప్యాకెట్లు చూస్తే మనసుకు బాధ కలుగుతుంది. వీలైనంత వరకు ప్లాస్టిక్ సంచి లేకుండానే సర్దాలని మేము ముందే అనుకున్నాము. తడి బట్టల కోసం విరిగిపోయిన పాత గొడుగు గుడ్డను విప్పి సంచిగా కుట్టించాను. ఆ గుడ్డ నీటిని బయటికి రానివ్వదు, మడిస్తే అరచేతిలో ఇముడుతుంది.

గద్దెల దగ్గర విగ్రహాలు ఉండవు. వెదురు కర్రలు, కుంకుమ భరిణెలు, గద్దెలు, వాటి చుట్టూ కటకటాలు, ఆ కటకటాల ముందు జనం. అక్కడ నిలబడే సమయం చాలా తక్కువ. వెనుకవాళ్లు నెడుతుండగా సంచిలో వెతకడం కుదరదు. అందుకని అత్తమ్మ ఒడిబియ్యం, కుడుకలు, పోకలు, ఖర్జూరాలు, పసుపు కుంకుమ పొట్లాలు అన్నీ రవిక గుడ్డలోనే పెట్టి ఒకే ముల్లెగా కట్టింది. ముల్లె కట్టిన గుడ్డ కూడా అమ్మవారికి చెల్లేదే కనుక విప్పే పని లేదు, చేతికి తిరిగి వచ్చేదీ లేదు. ఇంతకంటే చక్కటి సర్దుడు నేను ఎక్కడా చూడలేదు. పాతకాలపు ఆడవాళ్ల చేతిలో మూట కట్టడం ఒక విద్య. నాలుగు కొసలను ఎదురెదురుగా ముడి వేస్తే బియ్యపు గింజ కూడా జారదు. ఇక పెద్దవాడి ఎత్తు బంగారం, అంటే వాడి బరువుకు సరితూగే బెల్లం, ఇంటి నుండి మోసుకు రాలేదు. అది అక్కడి దుకాణాల్లోనే దొరుకుతుంది. ఇంటి నుండి తెచ్చింది మొక్కుకున్న నాడు దేవుని గూట్లో దాచిన చిన్న బెల్లం ముక్క ఒక్కటే. బెల్లం గాలిలోని తేమను పీల్చుకుని చెమ్మగిల్లుతుంది కనుక దాన్ని నూలు గుడ్డలో చుట్టి మూతబిగువు డబ్బాలో పెట్టాము.

రాత్రి సంచిని విడిగా మోయలేదు. దాన్ని కొత్తవాడ జంపఖానా మధ్యలో పెట్టి చుట్టాము. వరంగల్ కొత్తవాడ నేతగాళ్ల చేతి జంపఖానాలకు 2018లో భౌగోళిక గుర్తింపు దక్కింది. మా ఇంట్లోది అంతకు చాలా ముందటిది, ఇప్పటికీ పోగు లేవలేదు. జంపఖానా పరిచేసరికి టార్చిలైటు, అగ్గిపెట్టె, కొవ్వొత్తి, దోమల మందు, పిల్లల చెవి టోపీలు దాని మధ్యలోనే కనబడ్డాయి. పరుపు ఎక్కడ పరిస్తే రాత్రి సామాను అక్కడే ఉంటుంది. చీకటి పడ్డాక ఆ ముడిని, చెక్క పూసను నేను ఎన్నోసార్లు తడిమాను, లైటు వేసి పిల్లలను లేపవలసిన అవసరం రాలేదు.

ఆ రాత్రి అత్తమ్మ తన పుట్టింటి మట్టి గోడల గురించి చెప్పింది. గోడలోనే గూళ్లు ఉండేవట. తలుపు పక్క గూట్లో దీపం, అగ్గిపెట్టె. పొయ్యి పక్క గూట్లో ఉప్పు, కారం. బావి వైపు గోడ గూట్లో కుంకుడుకాయలు, వేపపుల్ల. "మాకు అలమరలు లేకుండె బిడ్డా. పని ఏడనో గూడు ఆడ్నే" అన్నది. పాలు, పెరుగు ఉట్టి మీద, ఏడాదికోసారి తీసే ఇత్తడి సామాను అటుక మీద ఉండేవి. చేతికి ఎంత దగ్గర ఉండాలో వాడకమే నిర్ణయించేది. నేను నాలుగు సంచులకు పెట్టుకున్న నియమం ఆమె చిన్ననాటి గోడల్లో ముందే ఉన్నదని నాకు అప్పుడు తెలిసింది.

మరునాడు పాలంపేట చేరి రామప్ప గుడి చూశాము. కాకతీయ గణపతిదేవుని సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ ఆలయానికి 2021 జూలైలో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు లభించింది. తడి బట్టలు రాత్రి తాడు మీద ఆరిపోయాయి కనుక గొడుగు గుడ్డ సంచి ఖాళీ అయింది. అందులో అందరి చెప్పులూ వేసి కట్టాము. భుజానికి తేలికైన దారి సంచి ఒక్కటే మిగిలింది. చేతులు ఖాళీగా ఉంటే గుడిని చూసే తీరే మారుతుంది. ఎర్రని ఇసుకరాతి గోడల మీద చూరు కింద నల్లరాతి మదనికలు, అంటే నాట్యకత్తెల శిల్పాలు, ఒంపులు తిరిగి నిలబడి ఉంటే, తల ఎత్తి ఒక్కొక్కదాన్ని తీరిగ్గా చూశాము. నీటిలో తేలేంత తేలికైన ఇటుకలతో శిఖరం కట్టారని చెబితే, పిల్లలు మెడ నొప్పి పుట్టేదాకా పైకే చూశారు.

ఇంటికి వచ్చాక సంచులు ఉతికి ఆరేసి, ఇంటి సర్దుడు మొదలుపెట్టాను. అద్దె ఇంట్లో గోడలకు గూళ్లు తొలవలేము కనుక తలుపు పక్కన చిన్న చెక్క అర కొట్టించాము. తాళాలు, చిల్లర, టార్చిలైటు, కరెంటు బిల్లు, అత్తమ్మ బస్సు కార్డు అందులో ఉంటాయి. బయటికి పోయేటప్పుడు కావలసినవీ, కరెంటు పోయినప్పుడు తడుముకునేవీ తప్ప మరేదీ అక్కడ పెట్టనివ్వను. రోజూ వేసుకునే మందులు భోజనం చేసే చోటికి వచ్చాయి. జ్వరానికి, దెబ్బలకు వాడేవి వేరే డబ్బాలో పైఅరకు చేరాయి. సూది, దారం, గుండీలు, చిన్న కత్తెర ఒకే బిస్కెట్ డబ్బాలో ఉన్నాయి, గుండీ ఊడినప్పుడు ఆ నాలుగూ ఒకేసారి కావాలి గదా.

పరకాలలో ఉండే మా ఆడబిడ్డ జాతర రోజుల్లోనే, గురువారం సమ్మక్కను చిలుకలగుట్ట నుండి గద్దెకు తెచ్చే వేళకు వెళుతున్నానని చెప్పి సంచులు అడిగింది. "వదినా, నీ నాలుగూ పంపు, సాలు" అన్నది. నేను ఐదవది కూడా కుట్టించి పంపాను. అది మెడలో వేసుకుని రవిక లోపల దాచుకునేంత చిన్నది. అంత జనంలో దారి సంచిని ఒడిలో పెట్టుకుని కూర్చునే వీలుండదు కనుక, డబ్బు, కార్డు, నంబర్ల కాగితం ఒంటినే అంటిపెట్టుకుని ఉండాలి. పుస్తెలతాడు, గాజులు ఇంట్లోనే పెట్టి పసుపుకొమ్ము కట్టుకుని పొమ్మని అత్తమ్మ ఫోనులో గట్టిగా చెప్పింది. గొడుగు గుడ్డ సంచిలో మాత్రం ఈసారి రెండు పొడి తువ్వాళ్లు ఎక్కువ పెట్టాను, వాళ్ల ఇంట్లో చంటిబిడ్డ ఉన్నది.